నాలుగుంబావు తర్వాత ఒక గంట: స్పెషల్ క్లాసు నడిపే తీరు

దీపావళి దాటిందంటే, పదో తరగతి పిల్లలకు పెట్టే సాయంత్రం స్పెషల్ క్లాసుల మీద మా స్టాఫ్‌రూములో రెండు జట్లు తయారవుతాయి. పిల్లలు ఇంటికెళ్తే పుస్తకం ముట్టరు, పొద్దుగూకే దాకా బడిలోనే పెట్టుకుందాం అనేది ఒక జట్టు. పొద్దంతా చెప్పింది ఎక్కనిది పొద్దుమీకి ఎక్కుతుందా అనేది రెండో జట్టు. ఎవరో ఒకరు బడి గంటలు తక్కువుండే ఫిన్లాండ్ పేరెత్తుతారు. ఇంకొకరు కొరియా పిల్లల కష్టం చూడమంటారు. ఆ కొరియాలోనే, సియోల్‌లో, ట్యూషన్ సెంటర్లు రాత్రి 10 దాటాక నడపొద్దని నిబంధన పెట్టుకోవలసి వచ్చిందని నేనంటాను. అంతలో బెల్లు కొడతారు. మాట అక్కడే ఆగిపోతుంది, స్పెషల్ క్లాసులు మాత్రం మొదలవుతాయి.

నేను నల్గొండ జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూలులో లెక్కల టీచర్ని. సర్వీసు 22 ఏళ్లు. అందులో పద్దెనిమిదేళ్లు పదో తరగతికే చెప్పాను. మొదట్లో నేను మొదటి జట్టు మనిషిని. పొద్దున ఎనిమిదికి ఒక గంట, సాయంత్రం ఆరున్నర దాకా రెండు గంటలు. తెల్లవారుజామున 5కి ఫోన్లు చేసి పిల్లల్ని లేపిన రోజులు కూడా ఉన్నాయి. ఒక సాయంత్రం బోర్డు మీద సరూప త్రిభుజాలు గీసి వెనక్కి తిరిగితే, రెండో బెంచీలో ఒక అమ్మాయి కళ్లు తెరిచే ఉంది, పెన్ను కాగితం మీదే ఉంది, గీత మాత్రం పేజీ అంచు దాటి బెంచీ మీదికి పాకింది. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. పొద్దున ఏం తిన్నవమ్మా అంటే చాయ్ అంది. ఆ ఏడు ఆ అమ్మాయి లెక్కల్లోనే తప్పింది. బడిలో అందరికన్నా ఎక్కువ గంటలు ఉన్న పిల్లల్లో ఆమె ఒకతి.

ఆ తర్వాత నేను గంటలు తగ్గించుకుంటూ వచ్చాను, పూర్తిగా మానలేదు. ఇప్పుడు నేను చేసేది ఇది: కొందరికే, వారానికి నాలుగు రోజులే, తిండి పెట్టి, బస్సుకు అందేలా, 45 నిమిషాలు. ఈ పని ఈ ఏడు మీ నెత్తిన పడి ఉంటే, నేను తప్పులు చేసి నేర్చుకున్నది మీకు పనికొస్తుంది.

ముందు ఉన్న గంటల్ని లెక్కపెట్టండి

మన దగ్గర గంటలకు కొదవేం లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలంది. భాగించి చూసుకుంటే రోజుకు నాలుగున్నర గంటలు. పదో తరగతి ఆ చట్టం కిందికి రాదు గానీ, కొలబద్దగా పనికొస్తుంది. మా బడి పొద్దున 9 నుంచి సాయంత్రం 4:15 దాకా. మరి ఆ గంటలన్నీ ఎటు పోతున్నాయి?

ఒక వారం నేను చిన్న పని చేశాను. వెనక బెంచీలో ఒక పిల్లను మనసులో గుర్తు పెట్టుకుని, నా సొంత పీరియడ్‌లో ఆ పిల్ల పెన్ను తనంతట తాను ఎంతసేపు కదిలిందో చాక్‌పీసు డబ్బా మీద గీతలు పెట్టుకున్నాను. బోర్డు మీద నుంచి ఎక్కించుకునేది లెక్కలోకి రాదు. తాను ఆలోచించి రాసిందే లెక్క. నా పీరియడ్ 45 నిమిషాలు. నేను గదిలోకి రావడం, పుస్తకాలు తీయించడం 6. హాజరు 4. బోర్డు దగ్గర నా ఉపన్యాసం 18. ఎక్కించుకోవడం 11. పిల్ల సొంతంగా చేసింది 6 నిమిషాలు.

నాకు సిగ్గేసింది. బాగా చెబుతానని పేరున్న టీచర్ని మరి.

హాజరును పిల్లలు లెక్క చేస్తుండగా తీసుకోవడం మొదలుపెట్టాను. ఉదాహరణ లెక్క మొత్తం నేనే చేయకుండా సగంలో సుద్ద కింద పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఇది చెప్పినంత తేలిక కాదు, నోరు ఊరుకోదు. నెలరోజులకు 6 కాస్తా 15 అయింది. రోజుకు 9 నిమిషాలు పెరిగితే 200 పనిదినాలకు 1800 నిమిషాలు, అంటే 30 గంటలు. ఇప్పుడు స్పెషల్ క్లాసుల లెక్క చూడండి. దీపావళి నుంచి మార్చి మొదటి వారం దాకా, సంక్రాంతి సెలవులూ మిగతా సెలవులూ పోను, దాదాపు 14 వారాలు. వారానికి నాలుగు రోజులు, రోజుకు 45 నిమిషాలు. మొత్తం 42 గంటలు. అందులో లెక్కల వాటా సగం, 21 గంటలు. ఎవర్నీ బడిలో ఆపకుండా, ఎవరి బస్సూ తప్పించకుండా అంతకన్నా ఎక్కువే నాకు నా పీరియడ్‌లోనే దొరికింది.

కాబట్టి దసరా లోపల ఒక్క వారం ఈ గీతలు మీరూ పెట్టుకోండి. ఎవరికీ చూపించనక్కర్లేదు. ఆ పని చేయకుండా సాయంత్రం గంట పెడితే, పొద్దున ఆరు నిమిషాలు నడిచిన బండినే సాయంత్రం ఇంకో గంట నిలబెట్టుకుంటున్నారన్నమాట.

ఎవర్ని ఆపాలి, ఎవర్ని పంపాలి

అందర్నీ ఆపకండి. ఇది చాలామందికి మింగుడుపడదు, ముఖ్యంగా హెడ్‌మాస్టర్లకు. ఒకర్ని ఆపి ఒకర్ని పంపితే తల్లిదండ్రులు అడుగుతారని వాళ్ల భయం. అడగనివ్వండి, చూపించడానికి ఒక కాగితం చేతిలో ఉంటే చాలు.

నా కాగితం ఇది. ఒక పేజీ, ఐదు లెక్కలు, 20 నిమిషాలు. పదో తరగతి లెక్క ఒక్కటీ ఉండదు.

612 ÷ 6
3/4 + 1/2
−7 + 4
x + 5 = 12 అయితే x ఎంత
ఒక చిన్న పట్టిక, దాని మీద రెండు ప్రశ్నలు

పోయినేడు మా పదో తరగతిలో 41 మంది. మొదటి లెక్క 17 మంది తప్పారు. భిన్నాల కూడిక అంతకన్నా ఎక్కువమంది. −7 + 4 దగ్గర 19 మంది −11 వేశారు. ఈ పిల్లలే ఆ రోజు పొద్దున నా పీరియడ్‌లో వర్గ సమీకరణాల సూత్రం గడగడా అప్పజెప్పారు.

ప్రాథమిక తరగతులకు 2022లో తొలిమెట్టు అనే ప్రభుత్వ కార్యక్రమం వచ్చింది, ఆ మరుసటేడు అలాంటిదే ఆరు నుంచి తొమ్మిది దాకా ఉన్నతి వచ్చింది. పిల్ల ఏ తరగతిలో ఉందని కాకుండా ఏ మెట్టు మీద ఉందో చూడమన్న ఆ ఆలోచన నాకు నచ్చింది. అమలు తీరు గురించి మాట్లాడితే రాత్రవుతుంది, వదిలేద్దాం. పదో తరగతికి వచ్చేసరికి మాత్రం మెట్టు సంగతి మరిచిపోయి, అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి గత ప్రశ్నపత్రాలు చేయిస్తాం. మెట్లు లేని మేడ ఎక్కమన్నట్టే అది.

ఆ కాగితం చూసి మూడు గుంపులు చేస్తాను. గుంపులకు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టకండి, ఏ రంగు పెట్టినా పిల్లలకు వారంలో అర్థమైపోతుంది. నేను కూర్చునే చోటును బట్టి పిలుస్తాను: వేపచెట్టు, వరండా, గది. అన్నీ తప్పినవాళ్లు వేపచెట్టు కింద, నా పక్కన. రెండు మూడు వచ్చినవాళ్లు వరండాలో. ఐదూ వచ్చినవాళ్లకు గది తెరిచే ఉంటుంది, ఉండాలనుకుంటే ఉండి చదువుకుంటారు, లేదంటే ఇంటికి పోతారు. పోయినేడు 41 మందిలో సాయంత్రం తప్పనిసరిగా ఆగింది 24 మంది. మిగతా 17 మంది 4:15 బెల్లుకే పోయారు. వాళ్లలో ఒక్కరూ ఫెయిల్ కాలేదు.

గుంపు మారడానికి శుక్రవారం ఇంకో కాగితం, అంకెలు మార్చి. మెట్టు ఎక్కిన పిల్లను ఆ వారమే పంపేయండి. ఇంటికి పోవడం శిక్ష తప్పించుకోవడంలా కాకుండా గెలుపులా ఉండాలి. పోయినేడు జనవరిలో ఒక పిలగాడు మూడో ప్రయత్నంలో ఐదూ చేసి, కాగితం నా చేతిలో పెట్టి, "ఇగ నేను పోత మేడం" అని సంచి భుజానేసుకుని పోతుంటే మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. మరునాడు వాడే వచ్చి వేపచెట్టు కింద ఇద్దరికి భిన్నాలు చెబుతూ కూర్చున్నాడు. నేను రమ్మనలేదు.

తిండి ముందు, చదువు తర్వాత

మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నం సాయంత్రం నాలుగున్నరకు ఉండదు. పదిహేనేళ్ల పిల్లలు వాళ్లు. ఆకలి మీదున్న పిల్లకు త్రికోణమితి చెప్పడం రాతి మీద నీళ్లు పోసినట్టే.

ఈమధ్య పరీక్షల ముందు, ఫిబ్రవరి నుంచి, ప్రభుత్వమే సాయంత్రం అల్పాహారానికి రోజుకు తలకు 15 రూపాయలు ఇస్తోంది. నవంబరు, డిసెంబరు, జనవరి నెలలు మాత్రం మన బాధ్యతే. నేను చేసే ఏర్పాటు: స్టాఫ్ తలా వంద, ఊళ్లో ఇద్దరు పాత విద్యార్థులు, ఒక కిరాణా కొట్టు ఆయన. 24 మందికి కిలోన్నర శనగలు, లేదంటే బొబ్బర్లు, పెసర్లు. రాత్రే నానబోయాలి, ఇది మరిచిపోతే మర్నాడు బిస్కెట్లే గతి. ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు వేస్తే గుడాలు తయారు. పల్లీలూ బెల్లమూ అయితే పొయ్యి అక్కర్లేదు, వంటమ్మ రాని రోజుకు అవి పెట్టుకోండి.

వంటమ్మ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆమెను అడగకుండా ఏర్పాటు చేయకండి. మధ్యాహ్న భోజనం వండి, గిన్నెలు తోమి, రెండున్నరకు ఇల్లు చేరే మనిషి. ఆమెకు ముట్టే గౌరవ వేతనం అంతంత మాత్రం, అదీ నెలనెలా రాదు. మొదటి ఏడు నేను "అక్కా, పిల్లల కోసం కొంచెం గుడాలు" అని తేలిగ్గా అనేశాను. మొహమాటానికి వారం చేసింది. ఎనిమిదో రోజు రాలేదు. కనుక్కుంటే, కట్టెలు ఆమె ఇంటి నుంచే తెస్తోందట. అప్పటి నుంచి కట్టెలకూ ఆమె చేతికీ కలిపి వారం వారం శనివారమే ఇచ్చేస్తాం. పైసలు తక్కువైతే గుడాలు తగ్గిస్తాం గానీ ఆమెది ఆపం.

4:15 బెల్లు. 4:30 దాకా తినడం, నీళ్లు, కొంచెం అల్లరి. ఆ పావుగంటలో చదువు మాట ఎత్తొద్దు.

ఆ 45 నిమిషాలు

4:30 నుంచి 5:15. ఇది ఇంకో పీరియడ్ కాదు. నేను నిలబడను, కుర్చీ వేసుకుని వేపచెట్టు కింద పిల్లల ఎత్తులో కూర్చుంటాను. బోర్డు ఉండదు. పిల్లల చేతిలో పలకో కాగితమో ఉంటుంది. రోజుకు ఒకే ఒక్క సంగతి.

ఎలా ఉంటుందో ఒక సాయంత్రం చూపిస్తాను. శ్రేఢులు. 7, 13, 19, ... ఇలా 205 దాకా పోతే మొత్తం ఎన్ని పదాలు? పరీక్షలో ఇలాంటిది వచ్చి తీరుతుంది. తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి సూత్రం రాసింది, తప్పులేదు. మొదటి పదం a 7, పదాల మధ్య తేడా d 6 అని గుర్తించింది. 205లోంచి 7 తీసేసి 198 రాసింది. అక్కడ పెన్ను ఆగింది.

పగటి పూట తరగతిలో అయితే నేను ఏం చేసేదాన్ని? "సూత్రం మళ్లీ చూడు" అనేదాన్ని. సూత్రంతో ఆమెకు ఇబ్బందే లేదు. 198ని 6తో భాగించడం దగ్గర ఆగింది. వేళ్ల మీద 6, 12, 18, 24 అని లెక్కపెట్టుకుంటూ, 19లో ఆరు ఎన్నిసార్లు పోతుందో తేల్చుకోలేక, పక్కపిల్ల కాగితంలోకి చూసింది. పదో తరగతి లెక్క నాలుగో తరగతి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. ఇదే చూడాలి. ఇది చూడటానికి మీరు ఆ పిల్ల పక్కనే కూర్చుని ఉండాలి, 41 మంది ముందు సుద్దముక్కతో నిలబడితే కనిపించదు. సాయంత్రం గంటకు ఏదైనా విలువ ఉంటే అది ఇక్కడే ఉంది.

శ్రేఢులు పక్కన పెట్టేశాం. 612ను 6తో భాగించమన్నాను. 12 వేసింది. నడుమ సున్నా ఎగిరిపోయింది, దాదాపు అందరూ అక్కడే పడతారు.

"612 రూపాయలు ఆరుగురికి పంచితే తలా పన్నెండేనా బిడ్డా?"

ఆలోచించింది. "ఆరు పన్నెండ్లు డెబ్బై రెండు."

"మరి మిగతా పైసలు ఎవరు తిన్నరు?"

నవ్వింది. పక్కనోళ్లు నవ్వారు. మళ్లీ చేసింది. ముందు తలా ఒక వంద ఇచ్చేసి, మిగిలిన పన్నెండును పంచి, 102 అంది. తర్వాత 198 దానంతట అదే వచ్చింది: 33.

ఇంకో గొయ్యి ఉంది. 33 రాసి పదాలు 33 అని గీత కొట్టేసింది. సూత్రంలో ఒకటి కలపాలని ఉంది కదా అనొచ్చు, రేపటికి మళ్లీ మరిచిపోతుంది. నేను చేను దగ్గరికి తీసుకుపోయాను. "మీ చేను గట్టు 198 మీటర్లు. ఆరు మీటర్లకో కడీ పాతి కంచె వేయాలె. ఎన్ని కడీలు కావాలె?" ఆమె తండ్రి ఆ ఎండాకాలమే కంచె వేశాడట. పట్టున పది సెకన్లు కూడా పట్టలేదు. "సందులు ముప్పై మూడు మేడం. కడీలు ఇంకోటి ఎక్కువ కావాలె, చివరోటి ఉంటది కదా." అంతే, 34. ఆ +1 ఎందుకో ఇక జన్మలో మరిచిపోదు. ఒక్క లెక్కకు ముప్పావు గంట పట్టింది, ఆ రోజుకు అది చాలు.

వరండా గుంపు ఇద్దరిద్దరుగా కూర్చుంటుంది. ఒకరు చేస్తుంటే ఒకరు చూస్తారు, చూసేవాళ్లు పెన్ను పట్టకూడదు, నోటితోనే చెప్పాలి. ఈ ఒక్క నియమం వల్ల కాపీ కొట్టడం దానంతట అదే తగ్గింది.

పాసవడానికి ఏ పాఠాలు ఎంచుకోవాలని అడుగుతారు. మా దగ్గర 80 మార్కుల పేపరు, 28 వస్తే గట్టెక్కినట్టు. పద్నాలుగు పాఠాలూ వేపచెట్టు గుంపుకు చెప్పలేం, చెప్పగలమని అబద్ధమాడొద్దు. నేను సమితులు, బహుపదులు, శ్రేఢులు, సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం పట్టుకుంటాను, గ్రాఫు ఒకటి చేయి తిరిగే దాకా గీయిస్తాను. భాగహారం, భిన్నాలు, గుర్తులు వచ్చిన పిల్లకు ఇవి చాలు. అవి రాని పిల్లకు మిగతా తొమ్మిదీ చెప్పినా దండగే.

సాయంత్రం ఆగిన పిల్లలకు హోంవర్కు ఇవ్వకండి. ఇది నేను మిగతా సబ్జెక్టుల వాళ్లతో పోట్లాడి సాధించుకున్నది.

బస్సు, చీకటి, పత్తి

స్పెషల్ క్లాసు బెల్లుతో కాదు, బస్సుతో ముగియాలి. హైస్కూలు వేళలు 9:30 నుంచి 4:45 దాకా ఉన్న రోజుల్లో సాయంత్రం గంట అంటే చలికాలం చీకట్లోనే. 2024 జులై నుంచి 4:15కే వదులుతున్నాం కాబట్టి ఆ అరగంట కలిసొచ్చింది. డిసెంబరులో మా దగ్గర 5:40కి పొద్దు గుంకుతుంది. తండా పిల్లలు రోడ్డు దిగి ఇంకో కిలోమీటరు నడవాలి. అందుకే 5:15, మా బస్సు 5:30కి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో కొన్ని హైస్కూళ్లలో ప్రయోగంగా సాయంత్రం 5 దాకా బడి నడిపి చూశారు. ఇలాంటి ఆదేశం ఎక్కడొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: చివరి ఊరి పిల్ల ఎన్నింటికి ఇల్లు చేరుతుంది? జవాబు లేకపోతే ఆదేశం సగమే తయారైనట్టు.

బస్సు వేళ కుదరకపోతే డిపోకు అర్జీ పెట్టండి. ఏం రాయాలంటే: ఎంతమంది పిల్లలు, అందులో ఆడపిల్లలెందరు, ఏ స్టేజీలో ఎక్కుతారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. "శాశ్వతంగా మార్చండి" అంటే కదలరు, "మార్చి పరీక్షల దాకా పదిహేను నిమిషాలు వెనక్కి" అంటే కదులుతారు. హెడ్‌మాస్టర్ సంతకం, ముద్ర, పిల్లల జాబితా జత చేయండి. పోస్టులో పంపొద్దు, మనిషి వెళ్లాలి. అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు బస్సు ఉచితం అయ్యాక మాకు మేలూ జరిగింది, సాయంత్రం బస్సులో కాలు పెట్టే చోటూ కరువైంది. మగపిల్లల పాసులు గడువు దాటాయేమో మీరే చూడండి, వాళ్లు చెప్పరు. పాసు లేని రోజు చెప్పకుండా 4:15 బెల్లుకే పోయి, మర్నాడు తిట్లు తింటారు.

ఇక ఇంటివాళ్లు. మా ఊళ్లో స్పెషల్ క్లాసుల కాలమూ పత్తి ఏరే కాలమూ ఒకటే. మొదట్లో శనివారం, ఆదివారం కూడా రమ్మన్నప్పుడు ఒక తల్లి బడికే వచ్చింది.

"పొద్దున మీరే, పొద్దుమీకి మీరే. ఐతారం గూడ మీరేనా మేడం? ఏరెటోళ్లు దొరుకుతలేరు. కూలి ఇచ్చి నేను యాడ తేవాలె?"

పిల్ల భవిష్యత్తు, చదువు విలువ అని నేను ఓ పాఠం చెప్పాను. ఆమె విని, "అయితే పత్తి మీరు ఏరుండ్రి" అని పోయింది. వారం రోజులు పిల్ల బడికే రాలేదు. గంట ఎక్కువ అడగబోయి ఉన్న ఆరు గంటలూ పోగొట్టాను.

ఇప్పుడు ముందే తల్లిదండ్రుల్ని పిలిచి బేరం ఒప్పుకుంటాను. బేరమే, దాపరికం ఎందుకు. సోమ, మంగళ, బుధ, గురువారాలు సాయంత్రం 5:15 దాకా పిల్ల నాది. శుక్రవారం కాగితం పరీక్ష పగలే అయిపోతుంది. శనివారం సాయంత్రం, ఆదివారం మీవి. పిల్లను బడి ఎగ్గొట్టించి మాత్రం చేనుకు తీసుకుపోవద్దు. ఈ మాట మీద నిలబడనివాళ్లు ఏడాదికి ఒకరిద్దరు మించి లేరు.

టీచర్ల సంగతి

పైనుంచి వచ్చే ఆదేశంలో సాధారణంగా పొద్దున గంట, సాయంత్రం గంట, అన్ని సబ్జెక్టులూ అని ఉంటుంది. రెండు పూటలా పెట్టకండి, ఒక పూట ఎంచుకుని సరిగా నడపండి. బస్సు పిల్లలున్న బడికి పొద్దున 8 గంటల క్లాసు పెడితే ఊరి పిల్లలే వస్తారు, ఎవరికి అవసరమో వాళ్లు రారు. వారానికి నాలుగు రోజుల్లో రెండు లెక్కలకు, ఒకటి సైన్సుకు, ఒకటి ఇంగ్లీషుకు. తెలుగు సార్ మొదట నొచ్చుకున్నారు, తర్వాత ఖాళీ సాయంత్రాలు చూసి సంతోషించారు.

ఒకే టీచరు వారానికి రెండు రోజులకు మించి ఆగొద్దు. మాలో సగంమంది టౌన్ నుంచి వచ్చిపోయేవాళ్లం. ఇంటి దగ్గర మాకూ పిల్లలున్నారు, వాళ్లకూ పరీక్షలుంటాయి. మా పెద్దవాడి పదో తరగతప్పుడు నేను ఊరి పిల్లల భిన్నాలు దిద్దుతూ ఉంటే వాడు ట్యూషన్‌కు పోయాడు, అదీ లెక్కలకే. ఇప్పటికీ దెప్పుతాడు.

ఒక మాట ప్రైవేటు హాస్టళ్ల గురించి. మా చెల్లె కొడుకును రెండేళ్లు పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా స్టడీ అవర్లు నడిపే చోట వేశారు. పండక్కి వస్తే వాణ్ని కూర్చోబెట్టి అడిగాను, రోజులో నీ అంతట నువ్వు చేసే లెక్కలెన్ని అని. చాలాసేపు ఆలోచించి, "చేయనిస్తే కదా పెద్దమ్మా, ఒకటి అయ్యేలోపు ఇంకోటి చెప్పేస్తారు" అన్నాడు. అక్కడా అవే ఆరు నిమిషాలు, కాకపోతే ఫీజు కట్టినవి.

ఎప్పుడు ఆపాలి

పరీక్షలకు పదిహేను రోజుల ముందు వేపచెట్టు ఖాళీ చేసేయండి. అప్పటిదాకా రానిది ఆ పదిహేను రోజుల్లో రాదు, భయం మాత్రం వస్తుంది. ఆ రోజులు పిల్లలు ఇంటి దగ్గర నిద్రపోతే చాలు. ప్రీఫైనల్ పేపర్లు దిద్ది తిరిగి ఇచ్చేటప్పుడు మార్కులు చదవకుండా ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి ఎక్కడ ఆగారో వేలు పెట్టి చూపించండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు.

ఇంకొక చిన్న సంగతి. 5:15కి వదిలాక నేను పిల్లలతోపాటే స్టేజీ దాకా నడుస్తాను, ఆఖరి పిల్ల ఎక్కేదాకా ఉంటాను. మా 5:30 బస్సు ఒక్కోసారి ఆరింటికి గానీ రాదు. ఒకరోజు ఆ నిలబడ్డ అరగంట ఎందుకు పోవాలని, "పదమూడో ఎక్కం చెప్పు బిడ్డా" అన్నాను. కడీల లెక్క చేసిన అమ్మాయే. బస్సొచ్చే వైపు చూస్తూ, నా వైపు తిరగకుండానే, "బడి అయిపోయింది కదా మేడం" అంది. తలా ఒక జామకాయ కొనిచ్చాను. మళ్లీ స్టేజీలో ఎక్కాలు అడగలేదు.